దయ్యమో జబ్బో తేల్చేదెవరు?

1614లో పోపు అయిదో పౌలు ఆమోదంతో రోములో వెలువడిన ‘రితువాలె రొమానుం’ అనే పూజావిధుల పుస్తకంలో దయ్యం పట్టినవాళ్ళ కోసం ఒక అధ్యాయం ఉంది. 1999లో కొత్త విధి వచ్చేదాకా, చిన్న చిన్న మార్పులతో, కతోలిక గురువులకు (ఫాదర్లకు) ఈ విషయంలో ఆధారం అదే. అందులో ‘అన్నిటికంటే ముందు’ అంటూ మొదలయ్యే సూచన ఒకటుంది. ఫలానా మనిషికి దయ్యం పట్టిందని ఎవరైనా అంటే సులభంగా నమ్మవద్దు. దయ్యం పట్టినవాళ్ళకీ, నల్లపైత్యంతోనో ఇంకో జబ్బుతోనో బాధపడేవాళ్ళకీ తేడా తెలిపే గుర్తులేవో ముందు తెలుసుకో అని దాని భావం. ఆ కాలపు వైద్యంలో దిగులుకీ మతిచలనానికీ నల్లపైత్యమే కారణమనేవాళ్ళు. అంటే గురువు చేతికి సిలువ ఇవ్వకముందే అతని బుర్రలో ఒక అనుమానం పెట్టారన్నమాట.

కతోలిక భూతోచ్చాటన, అంటే దయ్యాన్ని వెళ్ళగొట్టే విధి, అనగానే చాలామందికి సినిమాల్లో చూసినవే గుర్తొస్తాయి. తిరిగిపోయే మెడ, గాల్లోకి లేచే మంచం, లాటిన్‌లో అరిచే గురువు. నేను కతోలికుణ్ణి. సైతాను ఉన్నాడని నమ్ముతాను. ప్రభువు దయ్యాలను వెళ్ళగొట్టాడని సువార్త చెబితే దాన్ని కథగా కొట్టిపారేయను. అయినా ఈ విషయంలో మా సంప్రదాయం దగ్గరున్న అతి విలువైన సంగతి ఆ ప్రార్థనలు కాదు, ఆ తీర్థమూ కాదు, పైన చెప్పిన అనుమానమేనని నా వాదన. అది ఏ పండితుడో తీరిగ్గా కూర్చుని రాస్తే పుట్టింది కాదు. మోసపోయి, పరువు పోగొట్టుకుని నేర్చుకున్నది. నేర్చుకుని పుస్తకంలో రాసుకున్నాక కూడా దాన్ని మరిచిపోవడమే మనుషుల ప్రాణాలు పోవడానికి కారణమైంది. తెలిసి తెలిసీ ఎందుకు మరిచిపోయారన్నదే నన్ను ఎక్కువగా బాధపెట్టే ప్రశ్న.

దీనికి విత్తనం సువార్తలోనే ఉంది. మత్తయి నాలుగో అధ్యాయంలో ప్రభువు దగ్గరికి తీసుకొచ్చినవాళ్ళ పట్టిక చూడండి. దయ్యం పట్టినవాళ్ళు, మూర్ఛరోగులు, పక్షవాతం వచ్చినవాళ్ళు అని విడివిడిగా చెప్పాడు. అందరినీ ఒకే గాట కట్టలేదు. మళ్ళీ అదే సువార్త 17వ అధ్యాయంలో నిప్పుల్లోనూ నీళ్ళలోనూ పడిపోయే కుర్రవాణ్ణి తండ్రి మూర్ఛరోగి అంటాడు, ప్రభువు మాత్రం దయ్యాన్ని గద్దిస్తాడు. ఈ రెండో చోట ఉన్న చిక్కును నేను దాచను. దాని మీద విశ్వాసులైన పండితులే రకరకాలుగా చెప్పారు. కానీ రెండూ వేరు వేరు సంగతులని తెలిసినవాళ్ళ కాలంలోనే సువార్త రాశారన్నది మాత్రం స్పష్టం.

ఆ తర్వాతి శతాబ్దాల గురించి ఎక్కువ చెప్పను. 251లో పోపు కొర్నేలి రాసిన ఉత్తరంలో, రోము సంఘంలో భూతోచ్చాటకులు, గ్రంథపాఠకులు, ద్వారపాలకులు కలిపి 52 మంది ఉన్నారని లెక్క ఉంది. అంటే అదొక మామూలు సేవ. 416లో పోపు మొదటి ఇన్నొసెంటు గుబ్బియో బిషప్‌కు రాస్తూ, దయ్యం పట్టినవాళ్ళ మీద గురువు చేతులుంచాలంటే బిషప్ ఆజ్ఞ ఉండాలన్నాడు. చూడ్డానికి ఇది ఆఫీసు రూలులా ఉంటుంది. కానీ ‘ఇది దయ్యమే’ అని తేల్చే అధికారం బాధ చూసి కంగారుపడే ఇంటివాళ్ళకీ, ఎదురుగా నిలబడ్డ గురువుకీ కాకుండా, కాస్త దూరాన ఉన్న ఇంకొకరికి ఇవ్వడం అక్కడ మొదలైంది. నా దృష్టిలో గుర్తుల జాబితా కంటే ఇదే ముఖ్యం.

అసలు గొడవ 16వ శతాబ్దంలో వచ్చింది. ఐరోపా కతోలికులు, ప్రొటెస్టెంట్లుగా చీలి కొట్టుకుంటోంది. 1566లో ఫ్రాన్సులోని లాన్ పట్టణపు పెద్ద గుడిలో, వేల మంది చూస్తుండగా, పదహారేళ్ళ నికోల్ ఓబ్రీ అనే అమ్మాయికి వేదిక మీద ఉచ్చాటన చేశారు. ఆమె నోట దయ్యాల నాయకుడు బెల్జెబూలు మాట్లాడి ప్రొటెస్టెంట్లంతా తనవాళ్ళేనన్నాడు. దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో ప్రభువు శరీరంగా స్వీకరించే అప్పం, చూపించగానే పారిపోయాడు. ఇంకేం కావాలి? దివ్యసత్ప్రసాదంలో ప్రభువు నిజంగా ఉన్నాడనడానికి సాక్షాత్తూ దయ్యమే సాక్ష్యం చెప్పింది. ఆ సంగతి అచ్చయి దేశమంతా తిరిగింది. నేను దివ్యసత్ప్రసాదాన్ని నమ్మేవాణ్ణే. అయినా ఆ నమ్మకానికి దయ్యాన్ని సాక్షిగా బోనెక్కించడం తలుచుకుంటే నాకు సిగ్గేస్తుంది. ఎవరి మాట నమ్ముతున్నాం? అబద్ధాలకు తండ్రి అని ప్రభువే పేరు పెట్టినవాడి మాట!

సరిగ్గా ఆ దారిలోనే ఓ ముప్పై ఏళ్ళ తర్వాత మార్త్ బ్రోసియే వచ్చింది. ఆమె కథే ఈ సంప్రదాయానికి అసలు పాఠశాల అని నేననుకుంటాను. రొమొరాంతన్ అనే ఊళ్ళో బట్టల వ్యాపారి కూతురు. పాతికేళ్ళు వచ్చినా పెళ్ళి కాలేదు. 1598లో తనకు దయ్యం పట్టిందంది, దానికి కారణం ఫలానా ఆవిడ చేసిన చేతబడి అని ఒక ఇరుగింటి స్త్రీ మీద చెప్పింది. ఆ ఇరుగింటి స్త్రీ జైలుపాలైంది. తండ్రి కూతుర్ని వెంటబెట్టుకుని లువార్ నది వెంట ఊరూరూ తిరిగాడు. జనం ఎగబడ్డారు.

ఆంజే నగరపు బిషప్ షార్ల్ మిరోన్ దగ్గరికి వచ్చేసరికి ఆయన నమ్మలేదు, తిట్టి తరిమెయ్యనూ లేదు. పరీక్ష పెట్టాడు. మామూలు నీళ్ళను తీర్థమని చెప్పి చల్లితే మార్త్ గిలగిల్లాడింది. అసలు తీర్థాన్ని మామూలు నీళ్ళలా ఇస్తే ఏమీ కాలేదు. తర్వాత ఆయన ఉచ్చాటన మంత్రాలు చదవబోతున్నట్టు పుస్తకం తెప్పించి, గంభీరంగా ‘ఆర్మా విరుంక్వే కానో’ అని మొదలెట్టాడు. అది రోమన్ కవి వర్జిల్ కావ్యంలో మొదటి పాదం. యుద్ధాల్ని, వీరుణ్ణి గానం చేస్తానని చెప్పే పాదం. ప్రార్థనకూ దానికీ సంబంధమే లేదు. మార్త్ నేల మీద పడి దొర్లింది. ఓర్లియాఁలో ఇంకో అధికారి లాటిన్ వ్యాకరణ పుస్తకంలో క్రియారూపాల పద్యం చదివినా ఇదే జరిగింది.

ఈ పరీక్షలో ఉన్న తెలివి ఒక్కసారి ఆలోచించండి. బిషప్ ఆ అమ్మాయి శరీరాన్ని హింసించలేదు. దేవుడి మాటకీ కవి మాటకీ తేడా దయ్యానికి తెలియాలి కదా అన్న చిన్న తర్కం పట్టుకున్నాడు. తన నమ్మకాన్ని వదులుకోకుండానే, ఆ నమ్మకంతోనే పరీక్ష తయారుచేశాడు. సందేహించాలంటే నాస్తికుడు అవ్వక్కర్లేదని దీనికంటే బాగా చూపించిన సందర్భం నాకు తెలీదు.

1599లో ఆమె పారిస్ చేరింది. అంతకుముందు ఏడాదే రాజు నాలుగో హెన్రీ, ప్రొటెస్టెంట్లకు కొన్ని హక్కులిస్తూ నాంత్ శాసనం తెచ్చాడు. దాని మీద మండిపడుతున్న కతోలిక వర్గాలకు, ప్రొటెస్టెంట్లను తిట్టే దయ్యం ఒకటి కాళ్ళ దగ్గరికి నడిచొచ్చింది. కపూచిన్ మఠవాసులు ఉచ్చాటన మొదలెట్టారు. పారిస్ బిషప్ వైద్యుల్ని పిలిపించాడు. వాళ్ళలో మిషెల్ మరెస్కో అనే పెద్దాయన ఉన్నాడు. ఆమె ఎగిరెగిరి పడుతుంటే, దమ్మున్నవాళ్ళెవరైనా ప్రాణాలకు తెగించి ఆపండి చూద్దామని ఉచ్చాటన చేస్తున్న మఠవాసి సవాలు చేశాడట. మరెస్కో లేచి వెళ్ళి ఆమెను పట్టుకుని కదలకుండా అదిమిపెట్టాడు. ఆమె ఆగిపోయింది. గ్రీకులో అడిగినవాటికి జవాబు రాలేదు. చివరికి ఆయన తేల్చింది మూడు ముక్కలు: దయ్యానిది ఏమీ లేదు, నటన చాలా ఉంది, జబ్బు కొంచెం ఉంది.

వైద్యులంతా ఒక్క మాట మీద లేరు, అది కూడా చెప్పాలి. చేతిలో సూది గుచ్చినా ఆమెకు నొప్పి తెలియలేదు కాబట్టి దయ్యమేనన్న వైద్యులూ ఉన్నారు. డాక్టరు కోటు వేసుకున్నంత మాత్రాన సులభంగా నమ్మే గుణం పోదు. చివరికి పారిస్ న్యాయస్థానం ఆమెను కొన్నాళ్ళు నిర్బంధంలో ఉంచి తండ్రితో పాటు సొంతూరికి పంపేసింది.

మరెస్కో మాటల్లో నాకు బాగా నచ్చేది ఆ మూడోది. ‘జబ్బు కొంచెం ఉంది’. కోపంలో ఉన్న మనిషి అది వదిలేసేవాడు. మొత్తం నటనే, కొరడాతో కొట్టండి అనేవాడు. ఆ పెళ్ళికాని అమ్మాయికి నిజంగానే ఏదో బాధ ఉందని, నటనలోపల కూడా కొంత రోగం ఉండొచ్చని ఆయన చోటు వదిలాడు.

ఇదంతా జరిగిన పదిహేనేళ్ళకు రోము పుస్తకం వచ్చింది. చేతులు కాలాక పట్టుకున్న ఆకులే అయినా మంచి ఆకులే పట్టుకున్నారు. మూడు గుర్తులు చెప్పారు. తెలియని భాషలో చాలా మాటలు మాట్లాడటం, లేదా అలా మాట్లాడితే అర్థం చేసుకోవడం. దూరాన ఉన్నవీ, దాగి ఉన్నవీ బయటపెట్టడం. వయసుకీ శరీరస్థితికీ మించిన బలం చూపడం. ఇలాంటివి ఎన్ని కలిస్తే అనుమానం అంత బలపడుతుందన్నారు. అరుపులు, మూర్ఛలు, నోట్లో నురగ, వంకర్లు తిరగడం ఇవేవీ ఆ జాబితాలో లేవు. జనం దయ్యమని భయపడేవి దాదాపు ఇవే, పుస్తకం లెక్కలోకి తీసుకోనివీ ఇవే. మూడు గుర్తులూ అడిగేది ఒకటే: ఈ మనిషికి సొంతంగా ఉండే అవకాశమే లేనిది ఏదైనా ఇక్కడ కనిపిస్తోందా?

ఇంకా ఉంది. ఉచ్చాటన చేసే గురువు రోగికి ఏ మందూ ఇవ్వకూడదు, సలహా కూడా చెప్పకూడదు, ఆ పని వైద్యులకు వదిలెయ్యాలి. జనసమూహం ముందు చెయ్యకూడదు, వీలైతే గుళ్ళోనో మరో పవిత్రస్థలంలోనో, కొద్దిమంది సమక్షంలో చెయ్యాలి. బాధితురాలు స్త్రీ అయితే ఆమెను పట్టుకోవడానికి మర్యాదస్థులు, కుదిరితే ఆమె దగ్గరి బంధువులే ఉండాలి. దయ్యంతో పనికిరాని కబుర్లు, కుతూహలపు ప్రశ్నలు వద్దు. ఇవన్నీ నాలుగు వందల ఏళ్ళ కిందటి మాటలు. ఈరోజు ఏ టెంటు కింద జరిగే స్వస్థత కూటాన్నయినా ఈ నాలుగు సూచనలతో కొలిచి చూడండి. మైకు పట్టుకుని, ‘నీ పేరేంటి, ఈమెలోకి ఎందుకొచ్చావు, ఎవరు పంపారు’ అని స్టేజి మీద ఇంటర్వ్యూ చేసి, దాన్ని వీడియో తీసి పెట్టడం మన ఊళ్ళలో కొత్తేం కాదు. ఆ వీడియోలో జుట్టు విరబోసుకుని అరుస్తున్నది ఎవరో ఒకరి కూతురు. రేపు ఆమె బజారుకెళ్ళాలి, ఉద్యోగానికెళ్ళాలి, పెళ్ళి చేసుకోవాలి.

ఈ విషయం నాకింత పట్టడానికి మా ఇంట్లో జరిగిన సంగతి కూడా కారణమే. మా పిన్ని కూతురు ఇంటర్ చదివే రోజుల్లో ఉన్నట్టుండి పడిపోవడం మొదలైంది. కళ్ళు తేలేసేది, కాళ్ళూ చేతులూ కొట్టుకునేది, లేచాక కాసేపు ఎవరినీ గుర్తుపట్టేది కాదు. గాలి సోకిందన్నారు. పిన్ని ఆమెను తీసుకుని మా విచారణ (మా ఊరి చర్చి పరిధి) గురువుగారి దగ్గరికి వెళ్ళింది, నేనూ వెంట ఉన్నాను. ఆయన తీర్థం కోసం లేవలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు.

“పడిపోయినప్పుడు నాలుక కొరుక్కుంటోందా అమ్మా?”

“అవునండీ ఫాదర్‌గారూ.”

“బట్టల్లో పోతోందా? తర్వాత మొద్దునిద్ర పడుతోందా?”

“పడుతోందండీ. కానీ మొన్న మగ గొంతుతో మాట్లాడిందండీ.”

“ఏం మాట్లాడింది?”

“ఏం చెప్పమంటారండీ, అన్నీ బూతులే.”

“పిల్ల ఎప్పుడూ వినని బూతులా?”

పిన్ని తల దించుకుంది. ఆయన మా చెల్లెలి వైపు తిరిగి, “నీకేం భయం లేదమ్మా” అని, పిన్నితో “ముందు నరాల డాక్టరుకు చూపించండి, ఆ కాగితాలు పట్టుకుని మళ్ళీ నా దగ్గరికి రండి. ఖచ్చితంగా రావాలి” అన్నారు. పరీక్షలు చేసి అది మూర్ఛ రోగమన్నారు, మాత్రలు రాశారు. మధ్యలో బంధువులెవరో ఒక ప్రార్థన కూటానికి తీసుకెళితే, విశ్వాసం ఉంటే మాత్రలెందుకని అక్కడ మాన్పించారు. మళ్ళీ పడింది, ఈసారి పొయ్యి పక్కన. ముంజేతి మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ‘గురువు మందుల జోలికి పోకూడదు’ అని 1614లో ఎందుకు రాశారో ఆ మచ్చ చూసినప్పుడు నాకు వేరే వ్యాఖ్యానం అక్కర్లేకపోయింది.

అయితే మంచి రూలు రాసుకుంటే సరిపోతుందా? సరిపోదనడానికి లూదన్ సాక్ష్యం. పుస్తకం వచ్చిన పద్దెనిమిదేళ్ళకు, 1632లో, ఫ్రాన్సులోని ఆ చిన్న పట్టణంలో ఉర్సులైన్ మఠకన్యలకు దయ్యాలు పట్టాయన్నారు. మఠాధిపతురాలు జాన్ దెజాంజ్. ఆమె నోటితో దయ్యాలు ఆ ఊరి గురువు ఉర్బేన్ గ్రాందియే పేరు చెప్పాయి. మనిషి అందగాడు, మాటకారి, ఆడవాళ్ళ విషయంలో చెడ్డపేరు, నోటి దురుసుతో ఊరినిండా శత్రువులు. మఠంలో ఉచ్చాటన మొదలెట్టిన గురువుకే ఆయనతో పాత పగ ఉంది.

ఆ ఏడాది చివర్లో బోర్దో అగ్రపీఠాధిపతి సూర్దీ కలగజేసుకున్నాడు. తన వైద్యుణ్ణి పంపాడు. బాధితులను విడివిడిగా ఉంచి మంచి వైద్యుల చేత చూపించాలనీ, తెలియని భాషల్లాంటి గుర్తుల్ని నిజాయితీగా పరీక్షించాలనీ ఆజ్ఞలిచ్చాడు. అంతే, దయ్యాలు సద్దుమణిగాయి. నెలల తరబడి మఠం మామూలుగా ఉంది. నిజానికి కథ అక్కడితో అయిపోవలసింది. కానీ 1633లో రాజు ప్రతినిధిగా లోబార్దమోన్ అనే అధికారి దిగాడు. గ్రాందియే మీద మంత్రి రిషెల్యూకు కూడా కోపం ఉంది. ఉచ్చాటనలు మళ్ళీ మొదలయ్యాయి, ఈసారి గుళ్ళలో, వేలాది జనం ముందు. దయ్యాలూ తిరిగొచ్చాయి.

నిందితుడైన గ్రాందియే చేతే ఒకసారి ఉచ్చాటన చేయించారు. ఆయన గ్రీకులో ప్రశ్నిస్తానన్నాడు. గుర్తుల్లో మొదటిదే అది కదా. మఠాధిపతురాలి నోటి నుంచి జవాబు వచ్చింది: గ్రీకులో జవాబు చెప్పకూడదన్నది మన ఒప్పందంలో మొదటి షరతుల్లో ఒకటని నీకు తెలుసుగా! గురువులు ఆ జవాబును ఒప్పుకున్నారు. పరీక్షలో తప్పితే అది కూడా కుట్రకు రుజువే అయింది. ఏం జరిగినా ఒకే ఫలితం వచ్చేదాన్ని పరీక్ష అని ఎలా అంటాం? పుస్తకం దయ్యం అబద్ధాలకోరు జాగ్రత్త అంటే, అక్కడివాళ్ళు సక్రమంగా ఉచ్చాటన చేస్తే దయ్యం నిజం చెప్పి తీరాలన్నారు. 1634 ఆగస్టు 18న గ్రాందియే కాళ్ళు నుజ్జుచేసి, బతికుండగానే తగలబెట్టారు. ఆయన పోయాక దయ్యాలు పోయాయా? లేదు. ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి కొనసాగాయి.

లూదన్‌లో నాకు గౌరవం కలిగే మనిషి ఒకరున్నారు, గ్రాందియేని కాల్చిన తర్వాత వచ్చిన జెస్విట్ గురువు జాన్ జోసెఫ్ సురేన్. ఆయన అరవలేదు. మఠాధిపతురాలి పక్కన కూర్చుని చెవిలో మెల్లగా ప్రార్థించేవాడు. ఆమె బాధ తనకు రానీ అని దేవుణ్ణి వేడుకున్నాడు. తర్వాత ఆయనే దాదాపు ఇరవయ్యేళ్ళు మనోవ్యాధితో కుంగిపోయాడు, 1645లో కిటికీలోంచి దూకి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. కోలుకుని మళ్ళీ గొప్ప ఆధ్యాత్మిక రచనలు చేశాడు. పవిత్రుడైన మనిషి. కానీ పవిత్రత వేరు, తేల్చిచెప్పే వివేకం వేరు. ఆయన ఆ దయ్యాలను నమ్మాడు.

ఇక్కడ నేను నా సొంత మాట ఒకటి చేరుస్తాను. ఏ పుస్తకంలోనూ గుర్తుగా రాయలేదు గానీ, ఈ కేసులన్నీ పక్కపక్కన పెట్టుకుంటే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దయ్యం ఎప్పుడూ ఎదురుగా ఉన్న గురువు అభిప్రాయాలే చెబుతుంది. లాన్‌లో, పారిస్‌లో ప్రొటెస్టెంట్లను తిట్టింది. లూదన్‌లో ఉచ్చాటకుడి శత్రువు పేరు చెప్పింది. దయ్యం నోట మనకు ఇష్టమైన మాట వచ్చినప్పుడు అది దయ్యం కాదేమోనని ముందు అనుమానించాలి. ఆ మాట ఆ మనిషి మన ముఖంలో చదువుకుని చెబుతుండొచ్చు. బాధలో ఉన్నవాళ్ళు ఎదుటివాళ్ళు ఏం వినాలనుకుంటున్నారో చాలా తొందరగా పసిగడతారు.

ఇది పాతకాలపు సంగతి అనుకోవడానికి లేదు. జర్మనీలో బవేరియాలోని క్లింగెన్‌బర్గ్‌లో అన్నెలీజె మిఖేల్ అనే విద్యార్థిని ఉండేది. మూర్ఛ ఉందని వైద్యులు చెప్పారు, మందులూ ఇచ్చారు. భక్తి గల కుటుంబం. క్రమంగా సిలువను చూడలేకపోతున్నానంది, గొంతులు వినిపిస్తున్నాయంది. 1975లో వుర్జ్‌బర్గ్ బిషప్ స్టాంగ్ల్ అనుమతి ఇచ్చాడు. ఇద్దరు గురువులు ఆ పాత పుస్తకం ప్రకారమే దాదాపు పది నెలల్లో 67 సార్లు ఉచ్చాటన చేశారు. ఆమె నోట లూసిఫర్, ప్రభువును పట్టించిన యూదా, రోమన్ చక్రవర్తి నీరో, హిట్లర్ అందరూ మాట్లాడారు. 1960లలో కతోలిక బిషప్పులంతా కూడిన రెండో వాటికన్ మహాసభ తర్వాత వచ్చిన మార్పుల మీద, సత్ప్రసాదాన్ని చేతిలో తీసుకోవడం మీద కూడా ఆ దయ్యాలు అభిప్రాయాలు చెప్పాయి. అవి ఆ మార్పులు నచ్చని చుట్టూ ఉన్నవాళ్ళ అభిప్రాయాలేనని వేరే చెప్పనక్కర్లేదు. అన్నెలీజె తిండి మానేసింది. 1976 జులై 1న, 23 ఏళ్ళ వయసులో, ముప్పై కిలోల చిల్లర బరువుతో చనిపోయింది. ఆఖరి నెలల్లో డాక్టరు పక్కన లేడు. 1978లో అషాఫెన్‌బర్గ్ కోర్టు ఆమె తల్లిదండ్రులనూ ఆ ఇద్దరు గురువులనూ నిర్లక్ష్యంతో ప్రాణం పోవడానికి కారకులని తేల్చి ఆరు నెలల సస్పెండెడ్ శిక్ష వేసింది.

ఈ కేసులో బిషప్ అనుమతి ఉంది. పుస్తకం ఉంది. రహస్యంగానే చేశారు, జనాన్ని పోగెయ్యలేదు. పైపైన చూస్తే రూల్స్ చాలావరకు పాటించినట్టే. లేనిదల్లా మధ్యలో ఎక్కడైనా ‘ఇక ఆపండి’ అనే మనిషి. ఒకసారి ‘అవును, దయ్యమే’ అని తేల్చాక ఆ మాటను మళ్ళీ తూచేవాళ్ళే లేకపోయారు. వివేచన అంటే మొదటి రోజు వేసే ముద్ర కాదు, ప్రతి రోజూ మళ్ళీ అడగాల్సిన ప్రశ్న. ఆ అమ్మాయి బరువు తగ్గుతున్న ప్రతి వారమూ అది అడగాల్సింది.

లూదన్‌కీ క్లింగెన్‌బర్గ్‌కీ మధ్య 340 ఏళ్ళు తేడా ఉన్నా జబ్బు ఒకటే. రూలు ఉంది, రూలును అమలు చేసే అధికారం గలవాడు చేతులెత్తేశాడు, లేదా అతని చేతులు కట్టేశారు. మిరోన్, సూర్దీ లాంటి బిషప్పులు నిలబడినన్నాళ్ళు మనుషులు బతికారు.

ఇప్పుడున్న నియమాలు ఆ అనుభవంతోనే గట్టిపడ్డాయి. 1983 కతోలిక ధర్మశాస్త్రంలోని 1172వ నిబంధన ప్రకారం, స్థానిక పీఠాధిపతి ప్రత్యేకంగా, స్పష్టంగా అనుమతిస్తే తప్ప ఎవరూ దయ్యం పట్టినవాళ్ళ మీద ఉచ్చాటన చెయ్యకూడదు. ఆ అనుమతి కూడా భక్తి, జ్ఞానం, వివేకం, మచ్చలేని నడవడి ఉన్న గురువుకే. 1999 జనవరిలో విడుదలైన కొత్త విధి పాత మూడు గుర్తులను అలాగే ఉంచి, దేవుడన్నా పవిత్ర వస్తువులన్నా భరించలేని ద్వేషం ఉందేమో కూడా చూడమంది. వైద్య, మానసిక వైద్య నిపుణుల్ని సంప్రదించమంది. తనకెవరో చేతబడి చేశారని నమ్మి వచ్చేవాళ్ళకు ఉచ్చాటన చెయ్యవద్దని, కానీ ఆధ్యాత్మిక సాయం నిరాకరించవద్దని చెప్పింది. టీవీ, పత్రికలవాళ్ళను దగ్గరికి రానివ్వవద్దంది.

మన దగ్గర ఈ రూల్స్ ఎంత దూరం దిగాయన్నదే నా బెంగ. ఫిబ్రవరిలో గుణదల మేరీమాత తిరునాళ్ళకు అన్ని మతాలవాళ్ళూ వస్తారు. రకరకాల మొక్కులతో పాటు, ఎవరికీ చెప్పుకోలేని ఇలాంటి బాధలూ మోసుకొచ్చేవాళ్ళు ఉంటారు. ఒక గురువు ‘ఇది దయ్యం కాదమ్మా, డాక్టరు దగ్గరికెళ్ళండి’ అంటే ఆ కుటుంబం ఏం చేస్తుంది? చాలాసార్లు వీధి చివర ఉన్న ఇంకో కూటానికి వెళుతుంది. అక్కడ ‘అవును, దయ్యమే’ అని అప్పటికప్పుడు చెప్పేవాళ్ళుంటారు. కాదన్న గురువుకు విశ్వాసం తక్కువన్న పేరొస్తుంది. రిషెల్యూ మనిషి ఒత్తిడిని తట్టుకోవడం ఒక ఎత్తు, తన విచారణలోని జనమే పెట్టే ఈ టెన్షన్ తట్టుకోవడం ఇంకో ఎత్తు. అందుకే ‘కాదు’ అనే గురువుకు పైనుంచి బిషప్‌గారి అండ ఉండాలి, పక్కనే ఫోన్ చేస్తే పలికే మానసిక వైద్యుడొకరు ఉండాలి. ప్రతి పీఠంలో (ఒక బిషప్ పరిధిలో) ఈ ఇద్దరినీ ముందే కలిపి ఉంచడం పెద్ద ఖర్చుతో కూడిన పనేం కాదు.

ఇంకొకటి కూడా కావాలి. మా పిన్ని ఆ రోజు డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్ళింది? ఫాదర్‌గారు ‘మళ్ళీ నా దగ్గరికి రండి’ అన్నారు కాబట్టి. వెళ్ళగొట్టినట్టు అనిపించి ఉంటే నేరుగా భూతవైద్యుడి దగ్గరికే వెళ్ళేది. దయ్యం కాదని తేలాక కూడా ఆ మనిషి భయం, సిగ్గు, ఇంట్లోవాళ్ళ అనుమానపు చూపులు అలాగే ఉంటాయి. వాటికి ఉచ్చాటన పనికిరాదు, పలకరింపు పనికొస్తుంది. 1999 పుస్తకం చివర విశ్వాసులు ఎవరికి వాళ్ళు ఇంట్లో చెప్పుకోదగ్గ విన్నపాలు, ప్రార్థనలు ఇచ్చారు. వాటికి బిషప్ అనుమతి అక్కర్లేదు, మాత్రలు మానక్కర్లేదు. అవి చక్కని తేట తెలుగులో ప్రతి విచారణలోనూ దొరకాలనీ, ‘కాదు’ అన్న గురువే ఆ కాగితం చేతిలో పెట్టి, వచ్చే వారం ఎప్పుడొస్తారో కూడా అడగాలనీ నేను కోరుకుంటున్నాను.